నాలుగో జాతికి నమస్కారం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వాళ్లకు విదేశీ మారకద్రవ్యం సంగతి తెలియదు. తెలిసి ఉంటే, ముందు రచ్చ గెలిస్తే ఇంట్లో అడిగేవాడు ఉండడన్న రెండో ముక్క కూడా చెప్పిపోయేవారు. ఆ రెండో ముక్కను ఎవరూ చెప్పకుండానే గ్రహించి, అర్ధ శతాబ్దంగా నిష్ఠగా ఆచరిస్తున్న దేశం మలేషియా. జాతుల తగాదాలున్న ప్రభుత్వాలన్నీ తమ ఉన్నతాధికారులను అక్కడికి అధ్యయన యాత్రకు పంపించాలని నా సవినయ ప్రతిపాదన. అధ్యయనం సంగతి ఎలా ఉన్నా భోజనాలు బాగుంటాయి.

ముందు సమస్య ఏమిటో మనవి చేస్తాను. ఒక దేశంలో మూడు జాతులున్నాయనుకోండి. ఉద్యోగం, కాలేజీ సీటు, కాంట్రాక్టు, లైసెన్సు, ఏది పంచాలన్నా ముందు ‘నువ్వు ఏ జాతివాడివి’ అని అడగడం అక్కడి ప్రభుత్వానికి అలవాటు. ఆ ప్రశ్న మీద పార్టీ నిలబడి ఉంది, పార్టీ మీద ప్రభుత్వం నిలబడి ఉంది. ఇంతలో ప్రపంచీకరణ వచ్చి కూర్చుంటుంది. దానికి ఎవరైనా ఒకటే. ‘ఎంత తెచ్చావు’ అన్నదొక్కటే దాని ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలనూ ఒకే కౌంటరులో అడిగితే తొక్కిసలాట తప్పదు. తెలివితక్కువ దేశాలు రెండింట్లో ఒకదాన్ని వదులుకుంటాయి. మలేషియా రెండు కౌంటర్లు తెరిచింది. పౌరుల కౌంటరులో జాతి అడుగుతారు. పెట్టుబడిదారుల కౌంటరులో కాఫీ ఇస్తారు.

ఇదంతా సరదాకి మొదలైంది కాదు. 1969 మే 10న అక్కడ ఎన్నికలు జరిగాయి. పాలక కూటమికి సీట్లు తగ్గాయి, ప్రతిపక్షాలు రాజధానిలో ఊరేగింపులు తీశాయి, 13వ తేదీ సాయంత్రానికి కౌలాలంపూర్ తగలబడింది. మలయులకూ చైనీయులకూ మధ్య చెలరేగిన ఆ అల్లర్లలో ప్రభుత్వ లెక్క ప్రకారమే 196 మంది చనిపోయారు. 1971లో నూతన ఆర్థిక విధానం వచ్చింది. జాతితో నిమిత్తం లేకుండా పేదరికాన్ని తొలగించడం, ఎవరు ఏ పని చేయాలో పుట్టుకే తేల్చేసే పద్ధతిని మార్చడం దాని రెండు ఆశయాలు. ఇందులో వెక్కిరించడానికి ఏమీ లేదు. మలయుడు వరి పొలంలో, చైనీయుడు తగరపు గనిలోనూ దుకాణంలోనూ, భారతీయుడు రబ్బరు తోటలో ఉండాలని ఏర్పాటు చేసి పోయింది బ్రిటిష్ వాళ్లు. జనాభాలో సగానికి పైగా ఉన్న మలయులకు కంపెనీల వాటాల్లో దక్కింది 2.4 శాతం. దాన్ని 20 ఏళ్లలో 30 చేస్తామన్నారు. 1970లో దాదాపు సగం కుటుంబాలు పేదరికంలో ఉంటే, 1990 నాటికి ఆ సంఖ్య ఆరో వంతుకు దిగింది. ఈ మాట చెప్పకుండా నవ్వేవాడు నిజాయితీపరుడు కాడు. నేను చెప్పాను కాబట్టి ఇక నవ్వవచ్చు.

ఆ 1970 లెక్కల్లోనే ఇంకో అంకె ఉంది. వాటాల్లో మలయులది 2.4, భారతీయులది ఒక శాతం చిల్లర, చైనీయులది ముప్ఫైకి అటూ ఇటూ. మూడూ కూడితే 40 దాటడం కష్టం. మిగతా 60 శాతం విదేశీయులది. రెండు శాతం వాడూ ముప్ఫై శాతం వాడూ వీధిలో పడి కొట్టుకుంటూ ఉంటే, అరవై శాతం వాడు లండన్‌లో టీ తాగుతున్నాడు. అతని మీద ఒక్క రాయి కూడా పడలేదు. అతని వాటాను కూడా 30కి దించాలని కాగితం మీద రాశారు కానీ, రాసిన వాళ్లకు అంతకంటే విలువైన సంగతి ఒకటి బోధపడింది. మలయుడికి ఇస్తే చైనీయుడు ఏడుస్తాడు. చైనీయుడికి ఇస్తే మలయుడు ఏడుస్తాడు. భారతీయుడికి ఇవ్వాలని ఎవరికీ తోచదు. విదేశీయుడికి ఇస్తే మాత్రం ముగ్గురూ చప్పట్లు కొడతారు. మూడు జాతుల దేశంలో నాలుగో జాతి అవతరించింది ఇలాగే.

నూతన ఆర్థిక విధానం పుట్టిన 1971లోనే స్వేచ్ఛా వాణిజ్య మండలాల చట్టమూ పుట్టింది. మరుసటి ఏడు పెనాంగ్ దీవిలోని బయాన్ లెపాస్‌లో ఇంటెల్ అమెరికా బయట తన తొలి కర్మాగారం తెరిచింది. వెనకాలే ఇంకా చాలా కంపెనీలు వచ్చాయి. కంచెకు ఇవతల జాతుల లెక్క, అవతల చిప్పుల లెక్క. పల్లెల నుంచి వచ్చిన మలయ్ ఆడపిల్లలు వేల సంఖ్యలో మైక్రోస్కోపుల మీద వంగి, వెంట్రుక కంటే సన్నని బంగారు తీగలు అతికించారు. కళ్లు మండుతున్నా తల ఎత్తకుండా అతికించారు. దాంతో మలయులకు ఉపాధి కల్పించామన్న గడి కూడా నిండింది. అప్పట్నుంచి నాలుగో జాతికి ఆ దేశంలో పిల్లనిచ్చిన మామగారి ఇంట్లో జరిగే మర్యాద జరుగుతోంది.

సొంత పౌరుల కౌంటరు దగ్గర ఏం జరిగిందో చూడండి. 1975లో పారిశ్రామిక సమన్వయ చట్టం వచ్చింది. ఒక స్థాయి దాటిన ప్రతి కర్మాగారానికీ లైసెన్సు కావాలి, లైసెన్సు కావాలంటే మలయులకు వాటా చూపించాలి. తాతల నాటి బిస్కట్ల ఫ్యాక్టరీ నడుపుకునే చైనీయ కుటుంబం 30 శాతం ఎవరికి రాసివ్వాలా అని మనుషులను వెతుక్కునే పరిస్థితి. 1985లో మాంద్యం వచ్చి ఖజానా బోసిపోగానే ప్రభుత్వానికి జ్ఞానోదయమైంది. నిబంధన సడలించింది. తయారు చేసిన సరుకులో ఎక్కువ భాగం ఎగుమతి చేసే విదేశీ కంపెనీ అయితే మొత్తం నూరు శాతమూ తన దగ్గరే ఉంచుకోవచ్చంది. మన బిస్కట్ల యజమాని తాత ఓడ దిగడంలో తొందరపడ్డాడు. ఒక వందేళ్లు ఆగి, ఒసాకా నుంచి విమానంలో దిగి ఉంటే మంత్రిగారే ఎదురు వచ్చేవారు.

పౌరుల కౌంటరు ముందు నిలబడ్డవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటారా? వాళ్లు కనిపెట్టిన ఉపాయానికి అక్కడ అలీబాబా వ్యాపారం అని పేరు. ఇక్కడ అలీ వేరు, బాబా వేరు. అలీ మలయుడు, బాబా చైనీయుడు. ఒక రోడ్డు కాంట్రాక్టు తీసుకోండి. టెండరు అలీ పేరున వస్తుంది. అలీకి పట్టణంలో ఒక గది ఉంటుంది. గదిలో ఏసీ, బల్ల, బల్ల మీద రబ్బరు స్టాంపులు, గోడకు మంత్రిగారి పక్కన నిలబడి దిగిన ఫొటో ఉంటాయి. రోడ్డు రోలరు, టిప్పర్లు, తారు, మేస్త్రీలు మాత్రం ఊరి చివర బాబా షెడ్డులో ఉంటాయి. అలీ సంతకం పెడతాడు, బాబా రోడ్డు వేస్తాడు, బిల్లు వచ్చిన రోజు ఇద్దరూ లెక్క చూసుకుంటారు. ప్రభుత్వం కోరిన జాతీయ సమైక్యత అక్షరాలా సాధ్యమయ్యేది ఆ లెక్క చూసుకునే గంటలోనే. కెలంతాన్‌లో వల వేసుకునే మలయ్ జాలరికి మాత్రం ఆ గది తలుపు కూడా తెలియదు. భూమిపుత్రుల (మలయులు, ఇతర మూలవాసుల) పేరుతో రాసిన విధానంలో అతను కూడా భూమిపుత్రుడే. లెక్కల పుస్తకంలో అతని సంఖ్య కావాలి, బిల్లు వచ్చే రోజు అతను అక్కర్లేదు.

ఇంతకీ 30 శాతం వచ్చిందా? 1990లో గడువు ముగిసేసరికి ప్రభుత్వ లెక్క 19.3 దగ్గర ఆగింది. కాబట్టి విధానానికి పేరు మార్చి గడువు పెంచారు. తరువాత ఇంకోసారి మార్చారు. 2006లో కౌలాలంపూర్‌లోని ఒక పరిశోధన సంస్థ లెక్క కట్టే పద్ధతి మార్చి చూస్తే, భూమిపుత్రుల వాటా 45 శాతం దాకా ఉండవచ్చని తేలింది. లక్ష్యం ఎప్పుడో దాటేశామన్న శుభవార్త వింటే ఏ ప్రభుత్వమైనా మిఠాయిలు పంచుతుంది. ఇక్కడ మాత్రం ఇంట్లో పీనుగ లేచినంత పని అయింది. సంస్థ అధిపతి నివేదికను వెనక్కి తీసుకున్నారు, దాన్ని తయారు చేయించిన పండితుడు రాజీనామా చేసి వెళ్లిపోయారు. రోగం కుదిరిందని చెప్పే వైద్యుడికి వైద్యం మీద బతికే ఊళ్లో ఎంత ప్రమాదమో విద్యార్థులు గమనించాలి.

నాలుగో జాతితో ఎప్పుడూ సరసమేనా, ఒక్కసారైనా పోట్లాడలేదా అని మీకు అనుమానం రావచ్చు. పోట్లాడారు, అదీ దొరలాగే. 1981 సెప్టెంబర్ 7 ఉదయం లండన్ స్టాక్ ఎక్స్చేంజి తెరవగానే మలేషియా ప్రభుత్వ పెట్టుబడి సంస్థ పెర్మొడాలన్ నసియోనల్ మనుషులు గథ్రీ అనే బ్రిటిష్ తోటల కంపెనీ షేర్లను కొనడం మొదలుపెట్టారు. మధ్యాహ్న భోజనానికి ముందే కంపెనీ చేతిలోకి వచ్చేసింది. వలస రాజ్యం వందేళ్లు కూడబెట్టిన తోటలను దాని సొంత బజారులో, దాని సొంత నిబంధనల ప్రకారం, ఒక్క పూటలో కొనిపడేశారు. లండన్ పత్రికలు లబోదిబోమన్నాయి. ఆ వార్త ఇప్పుడు చదువుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

తోటలో కూలివాడికి మాత్రం పులకరించే తీరిక లేదు. అతనిది తమిళనాడు కావచ్చు, మన ఉత్తర కోస్తా జిల్లాలు కావచ్చు, గోదావరి తీరం కావచ్చు. తాతను కూలీలను పోగుచేసే కంగాణీ మేస్త్రీ ఓడ ఎక్కించి తీసుకుపోయాడు. మనవడు కూడా తెల్లవారకముందే లేచి, చెట్టుకు ఏటవాలుగా గాటు పెట్టి, చిప్ప కట్టి, పాలు పోగు చేస్తున్నాడు. ఆ రోజు మధ్యాహ్నానికి అతని యజమాని లండన్ నుంచి కౌలాలంపూర్‌కు మారాడు. అతను ఉండే లైను ఇల్లు మారలేదు, పైకప్పు రేకు మారలేదు, కూలి మారలేదు. తోట జాతీయమైంది, అతను కాలేదు. కొన్నేళ్లకు రబ్బరు కంటే ఇళ్ల స్థలాలు లాభమని తేలి, చాలా తోటలు కాలనీలుగానూ గోల్ఫు మైదానాలుగానూ మారాయి. పని పోతే లైను ఇల్లు కూడా పోతుంది, ఆ ఇల్లు పనితో పాటు ఇచ్చిందే కాబట్టి. ఆయిల్ పామ్ తోటల్లోకి ఇండోనేషియా, బంగ్లాదేశ్ కూలీలు వచ్చారు. వాళ్లది ఐదో జాతి. దేశంలో లెక్కకెక్కిన విదేశీ కూలీలు దాదాపు 20 లక్షలు. విదేశం నుంచి వచ్చినవాడికే మర్యాద అని పైన రాశాను కదా, సంచిలో డబ్బు తెచ్చుకోవాలన్న షరతు రాయడం మరిచాను.

పేరాక్ రాష్ట్రంలో బాగాన్ దాతో ప్రాంతానికి వెళ్తే ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఉగాది చేసుకుంటారు, పేర్ల చివర నాయుడు, రావు ఉంటాయి. అక్కడి ఒక అప్పలస్వామి మనవడు కాలేజీ సీటుకు దరఖాస్తు పెడుతున్నాడని ఊహించుకోండి. ఫారంలో జాతి అని ఒక వరుస, నాలుగు గడులు. మలయ్, చైనీ, ఇండియా, ఇతరులు. అతను ఎప్పుడూ ఇండియా చూడలేదు. అయినా ఆ గడిలోనే టిక్కు పెట్టాలి. ఆ గడికి ప్రతినిధిగా ఉండే పార్టీలో తమిళులదే సంఖ్యాబలం కాబట్టి, గడిలోపల కూడా అతను అల్పసంఖ్యాకుడే. భారతీయులను వ్యాపారస్తులను చేస్తామని ఆ పార్టీ 1980లలో మైకా అనే కంపెనీ పెట్టి 60 వేలకు పైగా చిన్న మదుపరుల దగ్గర డబ్బు సేకరించింది. పుస్తెలు తాకట్టు పెట్టి ఇచ్చిన తోట కూలీలున్నారు. ఆ వాటాల విలువ పెరగడం కోసం వాళ్లు పాతికేళ్లు ఎదురు చూశారు. కోటాల వల్ల భూమిపుత్రులలో పుట్టిన పెద్దమనుషుల తరగతి తమలో కూడా పుట్టిందని చూసి తృప్తిపడడమే వాళ్లకు మిగిలింది.

2007లో మాత్రం ఈ గడివాళ్లకు ప్రపంచీకరణ అర్థమైంది. హిండ్రాఫ్ అనే వేదిక తరఫు న్యాయవాదులు తమ తాతలను కూలీలుగా తెచ్చి వదిలేసినందుకు బ్రిటిష్ ప్రభుత్వం మీద లండన్‌లో దావా వేశారు. కోరిన పరిహారం 4 లక్షల కోట్ల డాలర్లు. సరుకు తెచ్చినవాడి దగ్గరే రసీదు చూపించడం న్యాయమే. ఆ ఏడాది నవంబర్ 25న వేలాది మంది రాణిగారికి అర్జీ ఇవ్వడానికి కౌలాలంపూర్‌లోని బ్రిటిష్ హైకమిషన్ వైపు బయలుదేరితే, పోలీసులు బాష్పవాయువుతో, నీటి ఫిరంగులతో సాగనంపారు. పౌరుల కౌంటరులో ఫిర్యాదుల విభాగం పనితీరు అది.

ఇక అప్పటి ప్రధాని మహతీర్ మహమ్మద్ గారి దగ్గరికి రావాలి. ఆయన లేకపోతే నాలుగో జాతికి పూర్తి పౌరసత్వం దక్కేది కాదు. 1991లో ఆయన విజన్ 2020 ప్రకటించారు. 2020 నాటికి సంపన్న దేశమవుతామన్నారు. అందులో మొదటి లక్ష్యం, జాతుల గోడలు లేని ఒకే మలేషియా జాతి. 1996లో ఐటీ కంపెనీల కోసం మల్టీమీడియా సూపర్ కారిడార్ అనే మండలం వచ్చింది. ఈ రెండు మాటలూ హైదరాబాద్ వాళ్లకు ఎక్కడో విన్నట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. 1998లో హైటెక్ సిటీ సైబర్ టవర్స్ ప్రారంభమైంది, 1999లో ఆంధ్రప్రదేశ్ తన విజన్ 2020ని అచ్చు వేయించింది. స్ఫూర్తి ఎక్కడిదో దాచుకోలేదు, ఏడాది అంకె కూడా మార్చలేదు. పొరుగింటి పుల్లకూర రుచే కానీ, వండిన గిన్నె చూడలేదు. ఆ గిన్నెలో కారిడార్ కంపెనీలకు ప్రభుత్వం ఇచ్చిన పది హామీల పత్రం ఉంది. స్థానిక యాజమాన్యపు నిబంధన వర్తించదు, మనుషులను ఏ దేశం నుంచైనా తెచ్చుకోవచ్చు, ఇంటర్నెట్ మీద సెన్సార్ ఉండదు. పక్క ఊరి పత్రికకు లైసెన్సు అవసరమైన దేశంలో ఆ కారిడార్‌లోని సైబర్‌జయ పట్టణంలో కూర్చున్న కంపెనీకి ఆ హామీ! ఒక పౌరుడు తన ప్రభుత్వం నుంచి కోరుకునే హక్కులన్నీ ఆ పత్రంలో ఉన్నాయి. పౌరుడు చేయాల్సిందల్లా ముందు ఒక కంపెనీగా మారడమే.

మధ్యలో ఒక్కోసారి కింది ఉద్యోగులు కౌంటర్లు కలిపేసి రసాభాస చేస్తారు. 2003 మార్చిలో కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లోని ఒక అపార్టుమెంటు సముదాయం మీద పోలీసులు దాడి చేసి, అక్కడున్న భారతీయ ఐటీ నిపుణులను రెండు వందల మందికి పైగా పట్టుకుపోయారు. వాళ్లలో చాలామంది సరైన కాగితాలతో వచ్చినవాళ్లే. ఢిల్లీ మండిపడింది. ఆ పోలీసుల తప్పేమీ లేదని నా వాదన. చామనఛాయ మనిషి కనబడితే అతను ఐదో జాతి కూలీయా, నాలుగో జాతి ఇంజనీరా, మూడో జాతి పౌరుడా అని చీకట్లో తేల్చడం ఎంత శిక్షణ పొందిన పోలీసుకైనా కష్టమే. విధానం రాసిన వాళ్లు మెడలో ట్యాగు ఏర్పాటు చేసి ఉండాల్సింది.

1997 ఆసియా ఆర్థిక సంక్షోభం గురించి ఎక్కువ చెప్పను. మలేషియా కరెన్సీ రింగిట్ కుప్పకూలినప్పుడు మహతీర్ గారు కరెన్సీ వ్యాపారం అనైతికమని హాంకాంగ్ సభలో తిట్టిపోశారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో డాలరుకు 3.80 అని విలువ బిగించి, షేర్లలో పెట్టిన విదేశీ డబ్బును ఏడాది పాటు బయటికి పోనివ్వలేదు. అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ చెప్పిన మాట వినకుండా గట్టెక్కారు కూడా. ఆ హడావుడిలోనే కర్మాగారాలు పెట్టే విదేశీయులకు వాటా నిబంధనను ఇంకాస్త సడలించిన సంగతి మాత్రం అంత గట్టిగా చెప్పుకోలేదు. జూదగాడిని తిట్టారు, షావుకారును కూర్చోబెట్టారు.

అసలు ప్రతిభ చదువుల్లో చూడాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు దగ్గరి దారి అయిన మెట్రిక్యులేషన్ కాలేజీల్లో సీట్లు 90 శాతం భూమిపుత్రులకు, 10 శాతం మిగిలిన అందరికీ. మిగిలిన అందరి పిల్లలూ ఏం కావాలి? 1996లో ప్రైవేటు ఉన్నత విద్యా చట్టం తెచ్చి తలుపు తీశారు. ఆస్ట్రేలియా నుంచి మొనాష్, ఇంగ్లండ్ నుంచి నాటింగ్‌హామ్ వచ్చి అక్కడే శాఖలు పెట్టాయి. ఇప్పుడు చైనీయ, భారతీయ కుటుంబాల పిల్లలు తమ సొంత ఊరు దాటకుండా పరాయి దేశపు పట్టా కొనుక్కోవచ్చు. కోటా వల్ల పుట్టిన కోపాన్ని ఎగుమతి చేసే ఖర్చు లేకుండా విశ్వవిద్యాలయాన్ని దిగుమతి చేసుకున్నారు. ప్రభుత్వానికి ఒక్క సీటు ఖర్చు కాలేదు. డబ్బు లేని అప్పలస్వామి మనవడు తోట చివర రోడ్డు మీద నిలబడి ఈ సంస్కరణను హర్షించాడు.

ఇంకా సూక్ష్మమైన సంగతి ఉంది. మలేషియా చైనీయుల స్వతంత్ర పాఠశాలలు తమ సొంత పరీక్ష పెట్టుకుని సర్టిఫికెట్ ఇస్తాయి. సింగపూర్ దాన్ని ఒప్పుకుంటుంది, చాలా దేశాలు ఒప్పుకుంటాయి. కౌలాలంపూర్ మాత్రం దశాబ్దాల తరబడి ఆ పేరు వింటే మొహం తిప్పుకుంది. చైనా భాషలో చదువు దేశ సమైక్యతకు ముప్పని వాదన. 2016లో అదే కౌలాలంపూర్ శివార్లలో చైనా ప్రభుత్వ విశ్వవిద్యాలయం షియామెన్ తన శాఖను తెరిచింది, ఎర్ర తివాచీ మీద నడుచుకుంటూ. చైనీయుడు చైనా నుంచే వస్తే సమైక్యతకు ముప్పు లేదు.

జాతీయ కారు కథ కూడా ఇంతే. కార్ల అసెంబ్లీ వ్యాపారం ఎక్కువగా స్థానిక చైనీయ సంస్థల చేతిలో ఉండేది. 1983లో ప్రభుత్వం వాళ్లను దాటుకుని మిత్సుబిషితో చేయి కలిపి ప్రొటాన్ పెట్టింది. 1985లో రోడ్డెక్కిన తొలి జాతీయ కారు మిత్సుబిషి లాన్సర్‌కు వేషం మార్చిన రూపం. దిగుమతి కార్ల మీద భారీ సుంకాలు వేసి, మూడు దశాబ్దాలు ముద్దుగా పెంచారు. 2017లో ఆ కంపెనీ వాటాల్లో 49.9 శాతం గీలీకి అమ్మారు. గీలీ ఏ దేశానిదో చెప్పాలా? ఊళ్లో చైనీయుల చేతిలో పడకూడదని మొదలైన కారు, హాంగ్‌జౌ చైనీయుల చేతిలో పడి బాగుపడింది. సగం కంటే ఒక శాతంలో పదో వంతు ఎక్కువ దగ్గర పెట్టుకోవడం వల్ల కారు జాతీయత చెక్కుచెదరలేదు.

ప్రధాని నజీబ్ రజాక్ గారి హయాంలో ధైర్యం వచ్చింది. 2009 ఏప్రిల్‌లో 27 సేవా రంగాల్లో 30 శాతం నిబంధన ఎత్తేశారు. జూన్‌లో, కొత్తగా షేరు మార్కెట్టుకు వచ్చే కంపెనీల కోటాను 30 నుంచి 12.5కి దించారు. పత్రికలు విప్లవమన్నాయి. మరుసటి ఏడాది నూతన ఆర్థిక నమూనా అని ఒక గ్రంథం రాయించి, కోటాలు జాతిని బట్టి కాక అవసరాన్ని బట్టి ఉండాలన్నారు. మలయ్ సంఘాలు గుడ్లురిమాయి. గ్రంథం అటక ఎక్కింది. 2013 ఎన్నికల్లో చైనీయులు ఓటు వేయలేదని అలిగి, భూమిపుత్రుల సాధికారతకు సరికొత్త ప్యాకేజీ ప్రకటించారు. విదేశీయుడి కోసం సడలించినది మాత్రం తిరిగి బిగించలేదు. పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం మీద 2016లో సంతకం పెట్టేటప్పుడు కూడా, భూమిపుత్రులకు ఇచ్చే ప్రభుత్వ కాంట్రాక్టుల ప్రాధాన్యాన్ని మినహాయింపుగా రాయించుకున్నారు. ఎంతో నేర్పు కావాలి ఇలా రాయించడానికి. అంతర్జాతీయ చట్టంలో అలీకి స్థానం దక్కింది.

నజీబ్ గారి మరో సృష్టి 1ఎండీబీ. ‘ఒకే మలేషియా’ అన్న నినాదం పేరు మీద పెట్టిన ఆ ప్రభుత్వ నిధి నుంచి 450 కోట్ల డాలర్లకు పైగా దారి మళ్లిందని అమెరికా న్యాయశాఖ ఆరోపించింది. పడవలు, నగలు, చిత్రపటాలు, అంతా అంతర్జాతీయ స్థాయి. బాండ్లు అమ్మిపెట్టింది న్యూయార్క్ బ్యాంకు. నజీబ్ గారికి 2020లో శిక్ష పడింది. ఏమైనా సరే, మలయులు, చైనీయులు, భారతీయులు, ఇతరులు అన్న తేడా చూపకుండా అందరి సొమ్మునూ సమానంగా భావించిన ఏకైక ప్రభుత్వ సంస్థ అదేనని ఒప్పుకోవాలి.

విజన్ 2020 ఏమైందని అడుగుతున్నారా? ఆ సంవత్సరం రానే వచ్చింది. ఫిబ్రవరిలో, మళ్లీ ప్రధాని అయి ఉన్న 94 ఏళ్ల మహతీర్ గారే రాజీనామా చేశారు. పలు జాతుల పార్టీలు కలిసి నడిపిన ప్రభుత్వం కూలి, మలయుల ఐక్యత పేరున మరో కూటమి గద్దెనెక్కింది. ఒకే జాతి కావాల్సిన సంవత్సరానికి అది ఘన స్వాగతం. మన విజన్ 2020 ఎలా ముగిసిందో మనకు తెలుసు కాబట్టి ఎవరూ ఎవరినీ నవ్వనక్కర్లేదు. పైగా 2019లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసి, అదే చేత్తో పెట్టుబడిదారులకు ఆహ్వానాలు కూడా పంపింది. కౌలాలంపూర్ పాఠం మనకు పూర్తిగా వంటబట్టలేదనడం అన్యాయం.

ఏ గడిలోనూ ఇమడనివాళ్లు చివరికి విమానం ఎక్కుతారు. 2011లో ప్రపంచ బ్యాంకు లెక్క తీస్తే, విదేశాల్లో స్థిరపడ్డ మలేషియా వాళ్లు దాదాపు 10 లక్షలు. వాళ్లలో ఎక్కువమంది చైనీయులే. సగానికి పైగా మంది వంతెన దాటితే వచ్చే సింగపూర్‌లోనే ఉన్నారు. ప్రభుత్వం ఆ లెక్క రాకముందే కంగారుపడి అదే ఏడాది మొదట్లో టాలెంట్ కార్పొరేషన్ అనే సంస్థ పెట్టింది. వెళ్లిపోయిన తన వాళ్లు తిరిగి వస్తే పన్ను రాయితీ, కారు మీద రాయితీ ఇస్తామంది. ఇక్కడ ఉంటే పౌరుడు. బయటికి వెళ్లి తిరిగి వస్తే నాలుగో జాతికి దూరపు చుట్టం. కొన్నేళ్లు బయట ఉండి రావడం ఒక్కటే పౌరుడికి కౌంటరు మారే మార్గమని తెలిసినవాళ్లు ముందే టికెట్టు కొనుక్కున్నారు.

సింగపూర్ ఊరికే ఉండిపోలేదు. 1965లో జాతుల గొడవల మీదే విడిపోయిన ఆ చిన్న దేశం స్థలం, కరెంటు చాలక 2019లో కొత్త డేటా సెంటర్లకు అనుమతులు ఆపింది. వంతెనకు ఇవతల జొహోర్ రాష్ట్రం వాటిని రెండు చేతులా ఆహ్వానించింది. ఇప్పుడు ఆయిల్ పామ్ తోటలు కొట్టేసి కిటికీలు లేని పెద్ద పెద్ద షెడ్లు కడుతున్నారు. రోజూ తెల్లవారకముందే లక్షల మంది జొహోర్ వాళ్లు మోటారు సైకిళ్ల మీద, బస్సుల మీద పనికి సింగపూర్ పోతారు. అటు నుంచి కంప్యూటర్లు ఇటు వస్తాయి. నాలుగో జాతిలో కూడా ఇంత మర్యాదస్తులు ఎన్నడూ రాలేదు. సర్వరుకు మతం లేదు, మాతృభాష లేదు, కోటా అడగదు, అర్జీ పెట్టదు, ఓటు అసలే వేయదు. పది ఎకరాల షెడ్డుకు కొద్దిమంది కాపలా చాలు కాబట్టి ఆ కొద్దిమంది ఏ జాతివాళ్లన్న గొడవ కూడా పెద్దగా లేదు. నీళ్లూ కరెంటూ మాత్రం విపరీతంగా తాగుతుంది. ఆ నీళ్లలో సర్వర్లకు ఎంత, మనుషులకు ఎంత అన్న చర్చ జొహోర్‌లో ఇప్పటికే మొదలైంది.